ఇరవై గుంటలు, అడుగు పైపు: ఒక యాసంగి డైరీ

డిసెంబరు 28

పోయిన యాసంగిలో, అంటే రబీ పంటలో, ఏప్రిల్ మొదటి వారానికే మా బోరు ఆగి ఆగి పోయడం మొదలుపెట్టింది. కింది మడి పది గుంటలు, అంటే పావెకరం, గింజ పాలు పోసుకునే వేళకు నీళ్లందక తెల్లబోయింది. బాపు రెండు రోజులు ఒడ్డు మీద కూర్చుని చూశాడు. మూడో రోజు పొద్దున్నే బర్రెలను తోలాడు. ఇంకో మూడు వారాలు ఆగితే చేతికొచ్చే వరి అది. నారు, నాటు కూలి, రెండు దఫాల యూరియా, మూడు నెలల నీళ్లు, అన్నీ ఒక్క పూటలో మేతైపోయాయి.

ఈ యాసంగిలో ఆ పది గుంటలు దక్కాలి. కొత్త బోరు వేయకుండా దక్కాలి. మా జనగామ వైపు ఒక బోరు ఎండితే ఇంకో బోరు వేయడం అలవాటైపోయింది. ఎన్ని వేసినా కింద ఉన్న ఆ నీళ్లలోకే ఇంకో గొట్టం దింపుతున్నాం. అందుకని ఈసారి నీళ్లు పెట్టే తీరు మార్చి చూద్దామని పట్టుబట్టాను. ఏ రోజు ఏం చేశానో, ఎక్కడ పొరపాటు పడ్డానో ఇందులో రాసుకుంటాను.

పద్ధతి నాది కాదు. ఫిలిప్పీన్స్‌లోని లాస్ బానోస్‌లో 1960లో మొదలైన అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ, మన పెద్దవాళ్లు ఇప్పటికీ తలుచుకునే ఐఆర్-8 వంగడాన్ని 1966లో ఇచ్చిన ఆ సంస్థే, వరికి పొద్దస్తమానం నీళ్లు నిలవనక్కర్లేదని పొలాల్లో పరీక్షించి చెప్పింది. మడిలో నీళ్లు ఇంకనివ్వాలి. నేలమట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగేదాకా ఆగాలి. అప్పుడు మళ్లీ 5 సెంటీమీటర్లు పెట్టాలి. అంత కిందికి దిగినా వేరుకు అందే తడి నేలలో ఉంటుంది కాబట్టి దిగుబడి తగ్గదు, నీళ్లు 30 శాతం దాకా మిగలొచ్చు. కింద నీరెక్కడుందో కంటికి కనబడదు గనుక రంధ్రాలు పెట్టిన గొట్టం మడిలో పాతి అందులోకి చూసుకోవాలి. బంగ్లాదేశ్‌లో దాన్ని పానీ పైపు అంటారు. మన దగ్గర తడి-పొడి పద్ధతి అని రాస్తున్నారు. మా ఇంట్లో దాని పేరు ఆరబెట్టుడు.

బాపు ముందు ఒప్పుకోలేదు. "నీళ్లు నిలవకుంటె అది వరెట్లయితది? గంతకంటె కంది ఏస్కోరాదు" అన్నాడు. ఆయన అలా అనడానికి కారణం ఉంది. 2003 తర్వాత మన దగ్గర శ్రీ వరి ప్రచారం జోరుగా జరిగిన రోజుల్లో ఆయన ఒక ఎకరం వేసి చూశాడు. మడగాస్కర్‌లో హెన్రీ ద లౌలానీ అనే పాదిరి రైతులతో కలిసి 1980లలో రూపుదిద్దిన సాగు అది. పది రోజుల లేత నారు, 25 సెంటీమీటర్లకు ఒకే మొక్క, నీళ్లు నిలపకుండా తడుపుడు, కలుపును మట్టిలోకి తొక్కే కోనో వీడర్ అనే చేతి యంత్రం తిప్పుడు, ఇవన్నీ ఒకేసారి చేయాలి. లేత నారును ఒక్కొక్కటిగా పెట్టే కూలీలు దొరకలేదు. వీడర్ తిప్పి తిప్పి ఆయన భుజం పట్టేసింది. ఒక్క పంటతో మానేశాడు. నాకు ఎప్పుడూ అనిపించేదేమిటంటే, ఆ మూటలో తేలికైన పని నీళ్లు ఆరబెట్టడమొక్కటే. కష్టమైన వాటితో కలిపి కట్టడం వల్ల అది కూడా మూటతో పాటు పోయింది. ఈసారి ఆ ఒక్కదాన్నే విప్పి తీసుకుంటున్నాను. నారు, నాటు, ఎరువు అన్నీ బాపు చేసే తీరులోనే ఉంటాయి.

చివరికి కుదిరిన ఒప్పందం ఇది. నడిమి మడి 20 గుంటలు నా చేతికి. దాని ఎగువన పై మడి, అదీ 20 గుంటలే, బాపు ఇష్టం. రెండింటిలో ఒకే విత్తనం, ఎంటీయూ 1010. ఒకే బోరు, 5 హెచ్‌పీ మోటరు.

డిసెంబరు 30

ఇల్లు కట్టినప్పుడు మిగిలిన ఆరంగుళాల పీవీసీ పైపు గొడ్ల కొట్టం వెనక పడి ఉంది. ఆక్సా బ్లేడుతో 30 సెంటీమీటర్ల ముక్కలు నాలుగు కోశాను. కింది 20 సెంటీమీటర్ల మేర చుట్టూ రంధ్రాలు పెట్టాలి, రెండు సెంటీమీటర్లకు ఒకటి. పై 10 సెంటీమీటర్లు నేల మీదికి ఉండే భాగం, దానికి రంధ్రాలు ఉండొద్దు.

మొదటి పైపుకు ఇనుప చువ్వ కాల్చి పొడిచాను. పొగ కళ్లలోకి కొట్టింది. అంతకంటే ముఖ్యం, ప్లాస్టిక్ కరిగి ప్రతి రంధ్రానికి లోపలివైపు పెదవిలాగా అంచు లేచింది. బురద దాని మీదే ఆగుతుంది. అది పక్కన పడేసి, వెల్డింగ్ షాపులో డ్రిల్లు మిషను అడిగి తెచ్చి 5 మిల్లీమీటర్ల బిట్టుతో మిగిలిన మూడింటికి పెట్టాను. ఒక్కో పైపుకు రెండు వందల పైచిలుకు రంధ్రాలు. తెల్లటి పొట్టు కొబ్బరి కోరులా గచ్చంతా పరుచుకుంది. అది పెంటకుప్పలో కలిస్తే పొలానికే చేరుతుందని అమ్మ చీపురుతో చివరి పొట్టుదాకా ఊడ్చి సంచిలో కట్టించింది.

20 సెంటీమీటర్ల దగ్గర నల్ల రంగుతో చుట్టూ గీత గీశాను. అది నేలమట్టం. కొలతకు వెదురు పుల్ల. పైపు అంచు నేలకు 10 సెంటీమీటర్లు ఎత్తున ఉంటుంది కాబట్టి, అంచు నుంచి 25 దగ్గర నీరు తగిలితే నేల కింద 15 ఉన్నట్టు. పుల్ల మీద ఆ గుర్తు ఎర్ర రంగు.

జనవరి 2

నీళ్లు మిగిలాయని చెప్పాలంటే ముందు ఎన్ని పోస్తున్నామో తెలియాలి. మీటరు కొనే పరిస్థితి లేదు. 200 లీటర్ల డ్రమ్ము బోరు పైపు కింద పెట్టి ఫోన్‌లో టైము చూశాను. మూడుసార్లూ 40 సెకన్లకు ఒకటీ అరా తేడాతో నిండింది. అంటే గంటకు సుమారు 18,000 లీటర్లు. 20 గుంటలంటే రెండు వేల చదరపు మీటర్ల పైమాట. దాని మీద 5 సెంటీమీటర్లు నిలవాలంటే లక్ష లీటర్లు, మోటరు అయిదున్నర గంటలు నడవాలి. బాపు ఆ లెక్క రెండుసార్లు చెప్పించుకున్నాడు. లక్ష అనే మాట ఆయనకు నమ్మబుద్ధి కాలేదు. నాకూ అంతే, కాగితం మీద చూసేదాకా.

ఇక నుంచి ఏ మడికి వాల్వు తిప్పినా టైము గోడ మీది క్యాలెండర్లో రాయాలని ఇంట్లో అందరికీ చెప్పాను.

జనవరి 6

నాటు పడింది. నారు 32 రోజులది. ఈసారి చలికి నారుమడి మీద రాత్రిళ్లు పాలిథిన్ పట్టా కప్పి పొద్దున తీశాం, ఎర్రబడకుండా నిలిచింది. ఆఖరి దమ్ములో ఎకరాకు 20 కిలోల లెక్కన జింక్ సల్ఫేటు వేశాం. కింది మడి నాటు కూలీలు దొరక్క వారం వెనక్కి పోయింది.

వెంటనే ఆరబెట్టడం లేదు. వేరు పట్టాలి, కలుపు అణగాలి. రెండు వారాలు రెండు మడుల్లోనూ నీళ్లుంటాయి.

జనవరి 21

పైపులు పాతాను. ఒడ్డుకు మరీ దగ్గర కాకుండా, అలాగని రోజూ వరి తొక్కుకుంటూ పోవాల్సిన దూరం కాకుండా, మడిలో అన్నిటి కంటే ఎత్తూ కాదు పల్లమూ కాదనిపించే చోటు చూసుకున్నాను. బురదలో చేత్తో నొక్కితే నల్ల గీత దాకా సులువుగానే దిగింది. తర్వాత లోపలి బురద తోడాలి. అది అనుకున్నంత తేలిక కాదు. చెయ్యి మోచేతి దాకా దూర్చి పిడికిళ్లతో తీయాలి, తీసినకొద్దీ రంధ్రాల నుంచి సన్న బురద మళ్లీ కారుతుంది. దోమతెర గుడ్డ చుట్టి పాతి ఉంటే బాగుండేదని అప్పుడు తట్టింది. ఒకటి పీకి చుట్టి మళ్లీ పాతాను. మిగిలిన దాన్ని అలాగే ఉంచాను, తేడా చూద్దామని. మూడో పైపు ఇంట్లోనే ఉంది.

సరిగ్గా పాతామా లేదా అనేదానికి గుర్తు ఒకటుంది. మడిలో నీళ్లున్నప్పుడు పైపు లోపలి నీరు, బయటి నీరు ఒకే మట్టంలో ఉండాలి. గుడ్డ చుట్టిన దాంట్లో పావుగంటకు సమమైంది. చుట్టని దాంట్లో పొద్దుగూకినా లోపలి నీరు రెండు వేళ్లు తక్కువే.

పక్క పొలం కాక ఒడ్డు మీద ఆగి అడిగాడు, "ఏందిబిడ్డా, గా పైపులెందుకు?" చెప్పాను. చాలాసేపు వంగి లోపలికి చూశాడు. ఏమీ అనకుండా పోయాడు.

జనవరి 29

ఎనిమిది రోజులు ఆగాను. మడి పైన నీళ్లు అయిదో రోజుకే పోయాయి. మట్టి మీద పిట్టల అడుగులు పడ్డాయి, సన్నటి నెర్రెలు కనబడ్డాయి. బాపు పొద్దున, సాయంత్రం వచ్చి చూసి పోతున్నాడు, మాట లేదు. కానీ పైపులో నీరు నేల కింద 6 సెంటీమీటర్ల దగ్గరే ఆగిపోయింది. నిన్న 6, ఇవాళ 6. పుల్ల తీసినప్పుడల్లా తడి గుర్తు అక్కడే.

మొదట సంతోషించాను, ఇంత బాగా నీరు పడుతున్న నేలా మాది అని. రాత్రి పడుకున్నాక అనుమానం వచ్చింది. మాది ఎర్ర చల్క, ఇసుక కలిసిన తేలిక నేల, నీళ్లను అంతగా ఆపేది కాదు.

జనవరి 30

అనుమానం నిజమే. రెండు పైపులూ పై మడి ఒడ్డుకు ఆరేడు అడుగుల దూరంలోనే ఉన్నాయి. పై మడిలో బాపు నీళ్లు నిలిపాడు. ఒడ్డు వెంట చేతులు పెట్టి తడుముకుంటూ పోతే రెండు ఎండ్రకాయ బొక్కలు దొరికాయి, ఒక దాంట్లోంచి సన్నగా చల్లటి నీళ్లు నా మడిలోకి వస్తున్నాయి. నేను కొలుస్తున్నది నా మడి నీళ్లు కాదు, పై మడి ఊట.

మూడో పైపు తెచ్చి మడి మధ్యలో పాతాను. గంట తర్వాత చూస్తే పుల్లకు అడుగున బురదే తగిలింది, నీళ్లు లేవు. అంటే అక్కడ 20 కంటే కిందికి పోయింది! 15 దగ్గర తడపాల్సిన మడిని తప్పు చోట చూసుకుంటూ రెండు రోజులు ఎండబెట్టాను. ఆకు కొసలు మధ్యాహ్నం కొద్దిగా చుట్టుకున్నాయి, సాయంత్రానికి విచ్చుకున్నాయి. వెంటనే మోటరు వేసి నీళ్లు కట్టాను.

బాపుకు జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన పార తీసుకొని వచ్చి ఇద్దరం కలిసి ఒడ్డు బొక్కలు మూసి, లోపలివైపు బంకమట్టి పూశాం. "కొలతకు నడిమిట్ల పెట్టాలె గని ఒడ్డుకు పెడ్తరా" అన్నది ఒక్కటే ఆయన మాట. ఇక నుంచి ఒడ్డు దగ్గరి పైపులు లెక్కలోకి రావు, నడిమి పైపుదే మాట. దానికీ దోమతెర చుట్టాను.

ఫిబ్రవరి 9

ఇవాళ్టిది వివరంగా రాయాలి.

పై మడిలో, బోరు నీళ్లు పడే మూలలో, వరి పచ్చగా లేదు. పిలక సాగలేదు. పొలంలోకి దిగి నడుస్తుంటే కాళ్ల కింద నుంచి బుడగలు గుప్పుగుప్పున లేచాయి. ఒక దుబ్బు పీకాను. వేర్లు నల్లగా ఉన్నాయి, కొన్ని చేతితో పట్టుకుంటే జారిపోయాయి. ముక్కు దగ్గర పెడితే కుళ్లిన గుడ్డు వాసన. తర్వాత నడిమి మడిలో దిగి ఒకటి పీకాను. వేర్లు గోధుమ రంగు, కొసలు తెల్లగా, కొత్త వేర్లు దువ్వెన పళ్లలా దట్టంగా. రెంటినీ బకెట్లో కడిగి ఒడ్డు మీద పక్కపక్కన పెట్టి బాపును పిలిచాను.

ఇది సల్ఫైడు దెబ్బ. వానకాలం వరి కోశాక మిగిలిన కొయ్యలు సరిగ్గా మురగకముందే దమ్ములో కలిశాయి, పైన ఎడతెగకుండా నీళ్లు నిలిచాయి, కింద గాలి లేదు. గాలి లేని చోట బతికే సూక్ష్మజీవులు మిగతాది మురగబెడుతూ విష వాయువు తయారుచేస్తాయి, వేరు ఊపిరాడక చస్తుంది. దీనికి వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు చెప్పే మందు సీసాలో దొరికేది కాదు. నీళ్లు తీసేసి మడి ఆరబెట్టండి అంటారు.

ఆ బుడగల్లో ఎక్కువగా ఉండేది మీథేన్. అదీ ఆ గాలాడని బురదలో పుట్టేదే. బుడగలుగా లేచేది కొంచెమే, చాలా భాగం వరి కాడలోని గాలి గొట్టాల గుండానే పైకి పోతుంది. వందేళ్ల లెక్కన చూస్తే అది బొగ్గుపులుసు వాయువు కంటే 28 రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచుతుంది. వాతావరణ మార్పుల మీద ఐక్యరాజ్య సమితి నిపుణుల సంఘం ఐపీసీసీ 2006లో ఇచ్చిన లెక్క పద్ధతి ప్రకారం, ఎప్పుడూ నీళ్లుండే మడి నుంచి వచ్చే మీథేన్‌ను ఒకటి అనుకుంటే పంటకాలంలో పలుమార్లు ఆరిన మడి నుంచి వచ్చేది 0.52. అంటే దాదాపు సగం. తడిసి ఆరే నేలలో నత్రజని నుంచి నైట్రస్ ఆక్సైడు కొంత ఎక్కువ పుడుతుంది, అదీ వేడిమి వాయువే, కాబట్టి మొత్తం సగం లాభమని చెప్పుకోకూడదు. కానీ ఆ మడిలోకి దిగి బుడగలు చూసినవాళ్లకు వాతావరణం ఎక్కడో ఆకాశంలో ఉన్న సంగతి కాదని తెలుస్తుంది. వేరును చంపే గాలి, ఎండలను పెంచే గాలి ఒకే బురదలోంచి వస్తున్నాయి.

బాపు రెండు దుబ్బులనూ చాలాసేపు చేతిలో తిప్పాడు. నల్ల వేరును గోరుతో చీరి చూశాడు. ఆ తర్వాత ఏమీ చెప్పకుండా పోయి, పై మడి నీళ్లు బయటికి పోయేలా మత్తడి తెరిచాడు.

నా పోలిక చెడింది. ఇప్పుడు పై మడి కూడా నాలుగు రోజులు ఆరుతుంది. డైరీలో అలాగే రాస్తున్నాను. వరి బాగుపడటం కంటే నా పోలిక ముఖ్యం కాదు.

ఫిబ్రవరి 14

కాడ లోపల కంకికి అంకురం పడే దశ, ఆఖరి దఫా యూరియా. నిలిచిన నీళ్లలో చల్లితే చాలా భాగం గాలికి పోవచ్చు. ఆరిన మడిలో చల్లి వెంటనే నీళ్లు పెడితే నీటితో పాటు వేరు దగ్గరికి దిగుతుంది. కాబట్టి పైపులో 14 చూసుకొని, పొద్దున చల్లి, ఆ వెంటే మోటరు వేశాను. ఆరబెట్టే పద్ధతిలో ఎరువు రోజును నీళ్ల రోజుకు జోడించడం చాలా అవసరం. చల్లి రెండు రోజులు ఆరబెడితే ఎరువూ పోతుంది, పేరూ చెడుతుంది.

కలుపు మాత్రం నా మడిలోనే ఎక్కువ. నాటేసిన మూడో రోజు మందు రెండింటికీ చల్లాం, అయినా తుంగ లేచింది. నీళ్లు నిలిచిన చోట మొలవనిది ఆరిన చోట మొలుస్తుంది. ఇద్దరు అక్కలను పెట్టి అర రోజు తీయించాను. ఈ ఖర్చు నా పద్ధతి ఖాతాలో రాయాలి.

ఫిబ్రవరి 22

రాత్రి కరెంటు పోయి వచ్చింది. వాల్వు నా మడి వైపు తెరిచి ఉంది, ఆటో స్టార్టరు ఉంది, మోటరు దానంతటదే ఎక్కింది. పొద్దున పోతే మడి గెట్ల నిండా నీళ్లు. కాక మడిలోకి కూడా పొర్లింది. తప్పు నాదే, వాల్వు కట్టకుండా వచ్చాను. కాకకు చెప్పి వచ్చాను.

మధ్యాహ్నం ఆటో స్టార్టరు తీగలు తప్పించాను. 2018 జనవరి నుంచి తెలంగాణలో పొలాలకు 24 గంటల కరెంటు ఉచితంగా వస్తోంది. రాత్రి పూట లేచి పాముల భయంతో మోటరు దగ్గరికి పోయే బాధ తప్పింది, అది చిన్న సుఖం కాదు. కానీ స్విచ్చు దగ్గరికి పోనక్కర్లేని చోట మడి దగ్గరికి కూడా పోవడం మానేశాం. పైపు పద్ధతికి పెద్ద కష్టం ఇదే అనిపిస్తోంది. పైపు ఖరీదు ఏమీ కాదు. రోజూ పోయి వంగి చూడాలి.

మార్చి 2

మా ఊరి చెరువుకు ఒకప్పుడు నీరటిగా చేసిన తాత పొలం వైపు వచ్చాడు. చెరువు కింద ఎవరి మడికి ఎప్పుడు నీళ్లు విడవాలో చూసేది ఆ పనిలో ఉన్నవాళ్లే. చెట్టు కింద కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి పైపు సంగతి చెప్పాను.

"మా కాలంల చెరువు సగమే నిండిన యేడు గిట్లనే కట్టెటోళ్లం. మూడొద్దులు నీకు, మూడొద్దులు నీ కిందోనికి. మడిల అడుగు పెడ్తె మట్టి కాలుకు అంటకుంట దిగవడాలె, గప్పుడు ఇడిసేది. పంట ఎండలే" అన్నాడు.

మట్టి కాలుకు అంటకుండా అడుగు దిగబడే తడి. ఆయన పోయాక చెప్పులు విప్పి నడిమి మడిలో అడుగుపెట్టి చూశాను. కాలు దిగింది, తీస్తే మట్టి అంటలేదు. పైపులో పుల్ల పెట్టాను. 13 సెంటీమీటర్లు.

ఇప్పుడు అలా వంతు చూసే మనిషే లేడు, ఎవరి బోరు వారిదైంది. మడి ఆరితే చాలు ప్రాణం పోయినట్టు అనిపించే భయం మాకు బోర్లతో వచ్చింది, అంతకు ముందు లేదు. బాపు కూడా తాత మాటలు విన్నాడు. నా పైపు చెప్పలేనిది ఆ రెండు మాటలు ఆయనకు చెప్పాయి.

మార్చి 7

పొట్ట విచ్చుతోంది. ఇక ఆరబెట్టడం బంద్. పూతకు వారం ముందు నుంచి పూత అయ్యాక వారం దాకా 5 సెంటీమీటర్ల నీళ్లు తప్పకుండా ఉండాలి. ఈ రోజుల్లో దాహమేస్తే తాలు పడుతుంది, తర్వాత ఎన్ని నీళ్లు పెట్టినా ఆ గింజ నిండదు.

మార్చి 13

పది గంటలకు మడిలో ఉన్నాను. కంకి పై భాగంలో పొట్టు రెండు చెక్కలుగా విచ్చుకుని, తెల్లటి పుప్పొడి తిత్తులు దారాలకు వేలాడుతూ గాలికి ఊగుతున్నాయి. ఒక్కో పువ్వు తెరుచుకుని ఉండేది గంట, గంటన్నర. మధ్యాహ్నం కల్లా మూసుకున్నాయి. ఎండ ఇప్పటికే మండుతోంది, మడిలో నీళ్లు ఉండటం వల్ల చుట్టూ కాస్త చల్లగా ఉంది. మొగి పురుగు కొట్టిన తెల్లకంకి అక్కడక్కడ ఉంది, రెండు మడుల్లోనూ ఒకేలా. ఆ పురుగుకు తడి మడి, పొడి మడి తేడా లేదు.

మార్చి 30

మార్చి 23 నుంచి మళ్లీ ఆరబెడుతున్నాను. ఈ ఎండలకు నాలుగైదు రోజులకే 15కు దిగుతోంది.

డ్రమ్ము మళ్లీ పెట్టి చూశాను. 40 సెకన్లకు నిండేది 48 అయింది. గంటకు 15,000 లీటర్లే వస్తున్నాయి. పోయినేడు ఈ పాటికి మా గుండెల్లో రాయి పడింది. ఇవాళ బాపు క్యాలెండర్ ముందు నిలబడి, వేలితో గీతలు లెక్కపెట్టి, కింది మడికి వాల్వు తిప్పి వచ్చాడు. పై మడికి కూడా పైపు చూసి పెట్టమన్నాడు.

ఏప్రిల్ 6

నడిమి మడికి, పై మడికి నీళ్లు ఆపేశాం, గింజ గట్టిపడుతోంది. ఇక ఉన్నదంతా కింది మడికే. బోరు రెండు గంటలు పోసి, గంట ఆగి, మళ్లీ పోస్తోంది. పది గుంటలకు అది చాలు.

ఏప్రిల్ 18

హార్వెస్టరు వచ్చే ముందు కొడవళ్లతో కోసి తూచాం. మిషనులో రెండు మడుల వడ్లు కలిసిపోతాయి కదా. ప్రభుత్వం పంటకోత ప్రయోగాలకు వాడే 5 మీటర్లకు 5 మీటర్ల చదరం, ఒక్కో మడిలో మూడు చోట్ల తాడు కట్టి కోశాం. చోటు ఎంచడం బాపుకు వదిలేశాను. బాగున్న చోటు నేను ఏరానన్న మాట రాకూడదు.

పై మడిలో 16.2, 15.7, 16.6 కిలోలు. నడిమి మడిలో 16.0, 16.4, 15.3. ఆ 15.3 వచ్చింది జనవరిలో నేను తప్పు పైపు చూసి ఎండబెట్టిన వైపు. సగటున ఎకరాకు కట్టి చూస్తే పై మడి 26.2 క్వింటాళ్లు, నడిమి మడి 25.7. పచ్చి వడ్ల తూకం ఇది, రెండూ ఒకే పూట తూచినవే. అర క్వింటా తేడా మా వేలాడే కాంటా తప్పుకే సరిపోతుంది, కాబట్టి తగ్గిందని గానీ సమానమని గానీ గట్టిగా అనను.

ఏప్రిల్ 25

క్యాలెండరు విప్పి కూడాం. జనవరి 21 నుంచి ఏప్రిల్ 6 దాకా పై మడికి 86 గంటలు, నడిమి మడికి 64 గంటలు. ఫిబ్రవరి రాత్రి పొర్లిన నీళ్లు కూడా ఆ 64లోనే ఉన్నాయి. పై మడి మధ్యలో నాలుగు రోజులు ఆరిందీ, మార్చి చివర బాపు దానికీ పైపు చూడటం మొదలుపెట్టిందీ కలుపుకుంటే అసలు తేడా ఇంకా ఎక్కువే ఉండేది. ఉన్నది ఉన్నట్టు చూసినా 22 గంటలు, నాలుగో వంతు. బోరు తగ్గిన సంగతి లెక్కేసుకుంటే మూడున్నర లక్షల లీటర్ల పైచిలుకు. అదనంగా పెట్టింది కలుపుకు ఇద్దరి అర రోజు కూలి.

కింది మడి నిన్న కోశాం. పది గుంటలకు 40 కిలోల లెక్కన పద్నాలుగున్నర బస్తాలు. ఎండబోసి తేమ 17 శాతానికి వచ్చాక కొనుగోలు కేంద్రానికి పోతాయి. రెండు బస్తాలు అమ్మ ఇంటికి ఆపింది.

ఆగని అనుమానం ఒకటి ఉంది. మోటరు ఆగిన ఆ 22 గంటలకు 80 యూనిట్ల కరెంటు మిగిలింది, బిల్లే లేదు కాబట్టి మా చేతికి పైసా రాలేదు. నీళ్లు మా బోరులోనే ఉన్నాయన్న హామీ కూడా లేదు. నేను ఆపిన నీటిని పక్క బోరు లాగితే అటు పోతుంది. ఒక్క మడితో తేలే పని కాదిది, ఒక వాగు కింది బోర్లన్నీ కలవాలి. వానకాలంలో ఎలాగూ వాన చేతిలో ఉంటుంది. వచ్చే యాసంగికి అలా కలపాల్సినవి మా వైపు ఏడు బోర్లున్నాయి. కాకతో మొదలుపెట్టాను. ఆయన పొలం సగం నల్లరేగడి. ఆరితే లోతుగా నెర్రెలు బాసి, తర్వాత పెట్టిన నీళ్లన్నీ ఆ నెర్రెల్లోంచి కిందికి దిగిపోతాయి, కాబట్టి ఆయనకు 15 దాకా ఆగొద్దు, 10 దగ్గరే తడపాలి. అక్కడ కొత్తగా చూసి నేర్చుకోవాల్సింది చాలా ఉంది.

ఏప్రిల్ 27

పైపులు పీకాను. నేల గట్టిపడి రాలేదు, చుట్టూ గడ్డపారతో వదులు చేయాల్సి వచ్చింది. దోమతెర చుట్టిన వాటి లోపల శుభ్రంగా ఉంది, చుట్టని దాని రంధ్రాల్లో మూడు వంతులు మూసుకుపోయాయి. బోరు దగ్గర కడిగి, ఈనె పుల్లతో ఒక్కో రంధ్రం పొడిచి, ఎండకు పెట్టాను. రంగుతో నంబర్లు వేశాను. ఒకటి, రెండు మా మడులకు. మూడు కాకకు. చువ్వతో కాల్చి పాడుచేసిన మొదటి పైపును బాపు తీసుకుపోయి లోపలి అంచులు ఆకురాయితో అరగదీస్తున్నాడు, కింది మడికి అదే సరిపోతుందట.